హైవే మీద బరువు బండి నడిపేవారు పాటించవలసిన మర్యాద

మే నెలాఖరు నుంచి జూలై దాకా చిత్తూరు చుట్టుపక్కల రోడ్లు తోతాపురి మామిడి కాయల ట్రాక్టర్లతో నిండిపోతాయి. దామలచెరువు మండీకి వెళ్లేవి కొన్ని, పూతలపట్టు, బంగారుపాళ్యం వైపు గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరుస కట్టేవి మరికొన్ని. మామిడి సీజను ముగిశాక చెరకు, వరిగడ్డి, గ్రానైటు దిమ్మలు, ఇసుక, కంకర, ఇలా ఏడాది పొడవునా ఏదో ఒక బరువు గంటకు ఇరవై ముప్పై కిలోమీటర్ల వేగంతో ఈ రోడ్ల మీద కదులుతూనే ఉంటుంది. అదే రోడ్డు మీద చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ తిరుమల దర్శనం వేళకు అందుకోవాలని బయలుదేరిన కార్లు వస్తుంటాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన గరిష్ఠ వేగం ప్రకారం డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు గంటకు 100 కిలోమీటర్లు, సరుకు వాహనానికి 80. ట్రాక్టరు వేగానికీ కారు వేగానికీ ఇంత తేడా ఉన్న రోడ్డు మీద ఇద్దరూ క్షేమంగా ఇల్లు చేరాలంటే మెల్లగా పోయేవారు కొన్ని పద్ధతులు తెలుసుకొని పాటించాలి.

మెల్లగా పోవడం తప్పేమీ కాదు. బరువు లాగే బండి మెల్లగానే పోవాలి, దాన్ని తొందరపెట్టే హక్కు వెనుక వచ్చేవారికి లేదు. అయితే మన బండి ఇక్కడ ఉందనీ, ఇంత వేగంతోనే పోతున్నదనీ, కాసేపట్లో ఫలానా వైపు తిరుగుతుందనీ వెనుకవారికి ముందుగా తెలియజేయవలసిన బాధ్యత మాత్రం పూర్తిగా మనదే. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతులన్నీ ఆ ఒక్క బాధ్యత నుంచి పుట్టినవే.

ముందు కనబడాలి

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, 20 కిలోమీటర్ల వేగంతో పోయే ట్రాక్టరును సెకనుకు సుమారు 17 మీటర్ల చొప్పున సమీపిస్తుంది. వెనుక దీపం లేని ట్రాలీ డిమ్ లైటు వెలుగులో 40 మీటర్ల దూరాన కంటబడిందనుకుంటే, కారు నడిపే మనిషికి మిగిలింది రెండున్నర సెకన్ల లోపే. అందులో ఒక సెకను పైగా ఎదుట ఏముందో పోల్చుకొని కాలు బ్రేకు మీదికి తేవడానికే ఖర్చవుతుంది. రాత్రిపూట ఆగి ఉన్న లారీని, మెల్లగా పోతున్న ట్రాలీని వెనుక నుంచి గుద్దిన ప్రమాదాల గురించి పత్రికల్లో చదివినప్పుడల్లా కారు వేగాన్ని నిందించడం మనకు అలవాటు. ఆ నిందలో న్యాయం ఉంది కానీ, ట్రాలీ వెనుక దీపం వెలిగిందా లేదా అన్న ప్రశ్న కూడా అడగాలి.

ట్రాక్టరుకు దీపాలుంటాయి, ట్రాలీకి ఉండవు. ఉన్నా వాటికి కరెంటు తెచ్చే వైరు కొక్కెం దగ్గర తెగిపోయి వేలాడుతూ ఉంటుంది. ఆ వైరునూ దాని ప్లగ్గునూ సరిచేయించడానికి అయ్యే ఖర్చు ఒక రోజు డీజిలు ఖర్చు కన్నా తక్కువే కాబట్టి సీజను మొదలు కాకముందే ఆ పని చేయించాలి. దీపాలతో పాటు రేడియం స్టిక్కర్లు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనుక ఎరుపు రంగులో ఉండాలి. ఈ రంగులు అలంకారం కోసం పెట్టినవి కావు. చీకట్లో ఎర్రగా మెరిస్తే బండి వీపు కనబడుతోందనీ, పసుపు మెరిస్తే అడ్డంగా తిరుగుతోందనీ దూరం నుంచే అర్థమవుతుంది. అందుకే చేతికందిన రంగు ఎక్కడ పడితే అక్కడ అంటించడం అసలు అంటించకపోవడం కన్నా పెద్ద మేలేమీ కాదు. పొలం నుంచి రోడ్డెక్కేటప్పుడు వెనుక దీపాల మీద, స్టిక్కర్ల మీద పేరుకున్న బురదను ఒక తడిగుడ్డతో తుడవాలి, చక్రాలకు పట్టిన మట్టి పెళ్లలను కూడా అక్కడే రాల్చేయాలి. వాన పడినప్పుడు తారు మీద ఆ మట్టి ద్విచక్ర వాహనాలను పడగొడుతుంది. దమ్ము చేసే ఇనుప చక్రాలతో తారు రోడ్డు ఎక్కడం గురించి వేరే చెప్పనక్కరలేదు, ఎక్కకూడదు.

చెరకు, వరిగడ్డి లోడులతో వచ్చే చిక్కు వేరు. చెరకు గడలు ట్రాలీ వెనుక తలుపు దాటి కిందికి వాలి దీపాలనూ స్టిక్కర్లనూ కప్పేస్తాయి. శ్రీకాళహస్తి, నెల్లూరు వైపు నుంచి పాడి రైతుల కోసం తెచ్చే వరిగడ్డి రెండు పక్కలా ఉబ్బి ఇండికేటర్లనూ అద్దాలనూ మింగేస్తుంది. డ్రైవరు ఇండికేటరు వేశాననుకుంటాడు, వెనుకవాడికి గడ్డి తప్ప ఏమీ కనబడదు. లోడు ఎంత దూరం బయటికి వచ్చిందో అంత చివరన పగలైతే ఎర్రగుడ్డ, రాత్రయితే ఎర్ర దీపం కట్టడం కనీస మర్యాద. అయితే గుడ్డ కట్టినంత మాత్రాన చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత లోడు పక్కలకో, ముందుకో, వెనుకకో, అనుమతించిన ఎత్తును మించో పొడుచుకు వస్తే 20,000 రూపాయల జరిమానా ఉంది. బరువు మించితే 20,000 రూపాయలతో పాటు అదనంగా ఎక్కించిన ప్రతి టన్నుకూ 2,000 రూపాయలు కట్టాలి.

ఎడమ వైపు ఎంత వరకు?

నాలుగు వరుసల రోడ్డు మీద మెల్లని బండి ఎడమ వరుసలోనే పోవాలన్న మాట అందరికీ తెలుసు. అయినా బరువు లారీలు డివైడరు పక్కనే పట్టుకొని పోవడం రోజూ చూస్తున్నాం. అడిగితే ఎడమ వరుసలో గుంతలున్నాయనీ, ఆటోలు ఆగి ఉంటాయనీ, బైకులు ఎదురు వస్తాయనీ చెబుతారు. ఆ మాటలు చాలా చోట్ల నిజమే. ఊరు వచ్చిన చోట కాసేపు కుడికి జరగడంలో అభ్యంతరం ఉండనక్కరలేదు. ఊరు దాటిన తరువాత కూడా అక్కడే ఉండిపోవడం వల్ల మాత్రం వేగంగా పోయేవారందరూ ఎడమ వైపు నుంచి దూరి దాటడానికి అలవాటు పడుతున్నారు. ఎడమ వైపు నుంచి దాటే కారు లారీ డ్రైవరు అద్దంలో చాలాసేపు కనబడదు.

రెండు వరుసల రోడ్డు మీద ఇంకా జాగ్రత్త కావాలి. వెనుక బండ్లు పేరుకున్నాయని గమనించగానే తెల్ల గీత దాటి మట్టి మార్జిన్‌లోకి సగం దిగి నడుపుతూ సైడ్ ఇచ్చే డ్రైవర్లున్నారు. వారి మనసు మంచిదే కానీ పద్ధతి మంచిది కాదు. తారు అంచుకూ మట్టికీ మధ్య ఎత్తు తేడా ఉంటే లోడు ఒక పక్కకు ఒరుగుతుంది, ట్రాలీ పక్కకు జారి ట్రాక్టరును కూడా లాగేస్తుంది. అంతకన్నా ముఖ్యంగా ఆ మార్జిన్‌లో మనుషులు నడుస్తుంటారు. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా, తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకొని కాలినడకన వచ్చే భక్తులు పుత్తూరు, రేణిగుంట దారిలోనూ, చిత్తూరు, తిరుపతి దారిలోనూ తెల్లవారుజాము నుంచే గుంపులుగా కనబడతారు. చీకట్లో, ఎండ ముదరకముందు నడవడం వారికి సుఖం. కారుకు దారి ఇవ్వబోయి వారి మీదికి ట్రాలీని తోయడం ఏ రకంగానూ మర్యాద అనిపించుకోదు. ఆ నెలలో ఎడమ అంచుకు ఒరగకుండా వరుస నడిమిలోనే నిలకడగా పోతూ, ఖాళీ స్థలం ఉన్న చోట పూర్తిగా ఆగి వెనుకవారిని పంపించడమే సరైన పని.

ఆగి పంపించడం అన్నది మన దగ్గర ఎవరూ పాటించని అలవాటు. వెనుక నాలుగైదు బండ్లు చేరాయంటే, పెట్రోలు బంకు ముందో, లారీలు నిలిపే చోటో, వెడల్పయిన చదును కనబడగానే ఎడమ ఇండికేటరు వేసి, మెల్లగా పక్కకు దిగి, వారందరూ వెళ్లాక మళ్లీ ఎక్కవచ్చు. ఇందుకు ఒక్క నిమిషం కూడా పట్టదు. ఆ ఒక్క నిమిషం ఇవ్వకపోతే వెనుకవారిలో ఓపిక నశించిన ఒకరు మలుపులో దాటబోతారు, అప్పుడు ఎదురుగా వచ్చే బండికీ ఆ కారుకూ మధ్య నలిగేది మన బండే కావచ్చు.

ఒకే తోట నుంచి బయలుదేరిన మూడు ట్రాక్టర్లు ఒకదాని తోకను ఒకటి పట్టుకొని పోవడం మరో తీరు ఇబ్బంది. స్నేహం కొద్దీ, దారిలో చెడితే ఆదుకోవచ్చన్న ఆలోచన కొద్దీ ఇలా వెళతారు. దాటాలనుకునేవారికి ఒక్క ట్రాక్టరును దాటే అవకాశం దొరికినా మూడింటిని ఒక్క ఊపులో దాటే అవకాశం దొరకదు. ప్రతి రెండు ట్రాక్టర్ల మధ్య ఒక కారు నిశ్చింతగా దూరి నిలదొక్కుకునేంత జాగా, అంటే యాభై మీటర్లకు తగ్గకుండా, వదిలితే ఈ సమస్య తీరిపోతుంది. పాటల పెట్టెల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ట్రాక్టరు ఇంజను చప్పుడుకు తోడు స్పీకరు మోగుతుంటే వెనుక హారను వినబడదు, చాలా ట్రాక్టర్లకు అద్దాలూ ఉండవు. చెవీ కన్నూ రెండూ మూసుకున్నవారు ఎవరికైనా దారి ఎలా ఇవ్వగలరు? రెండు పక్కలా అద్దాలు బిగించుకోవడం కష్టమేమీ కాదు. వెనుక చూడటానికని మడ్‌గార్డు మీద కుర్రవాణ్ణి కూర్చోబెట్టడం అద్దానికి బదులు కాదు, ఆ పిల్లవాడి ప్రాణంతో ఆట.

ఇండికేటరు విషయంలో లారీ డ్రైవర్ల మధ్య పాత వాడుక ఒకటి ఉంది. కుడి ఇండికేటరు వేస్తే ఎదురు బండి వస్తోంది, ఆగమని, ఎడమది వేస్తే ఖాళీగా ఉంది, పొమ్మని. అదే కుడి ఇండికేటరుకు నేను కుడికి తిరుగుతున్నానన్న అసలు అర్థం కూడా ఉంది. వెనుక ఉన్నవారు తమిళనాడు నుంచో కర్ణాటక నుంచో వచ్చిన కొత్తవారైతే ఏ అర్థం తీసుకుంటారో చెప్పలేం. కాబట్టి ఇండికేటరును తిరగడానికీ, వరుస మారడానికీ మాత్రమే వాడటం మేలు. రమ్మనీ పొమ్మనీ చెప్పే బాధ్యతను నెత్తిన వేసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే దాటేవారి బండి బలమెంతో, వారి చెయ్యి ఎంతటిదో మనకు తెలియదు.

డివైడరు సందులో

పొలం దారి నుంచి వచ్చి హైవే దాటి అవతలికి పోవలసిన ట్రాక్టరుకు అసలు పరీక్ష డివైడరు సందులోనే. ట్రాలీతో కలిపి ట్రాక్టరు పొడవు ఎనిమిది తొమ్మిది మీటర్లు ఉంటుంది. సందు వెడల్పు చాలా చోట్ల అందులో సగం. మొదటి సగం రోడ్డు ఖాళీగా ఉందని దాటి సందులో ఆగితే, ట్రాక్టరు ముక్కు డివైడరు మధ్యలో, ట్రాలీ తోక వేగంగా పోయే వరుసలో నిలుస్తాయి. కారు వచ్చేది సరిగ్గా ఆ వరుసలోనే. అందువల్ల రెండు వైపులా ఖాళీ అయ్యేదాకా మట్టి దారిలోనే ఆగి, ఒకే ఊపులో రెండు సగాలూ దాటాలి. రద్దీ వేళల్లో అది సాధ్యం కాకపోతే ఎడమకు తిరిగి కొంత దూరం పోయి, అండర్‌పాసు కిందుగానో, వెడల్పయిన యూ టర్న్ దగ్గరనో తిరిగి రావాలి. కిలోమీటరు కలిసి వస్తుందని ఎదురు దారిలో పోయే ట్రాక్టర్లకు మాత్రం ఏ మినహాయింపూ లేదు. ఎంత ఓపికగా చెప్పాలనుకున్నా ఆ ఒక్క పనిని సమర్థించే మాట నాకు దొరకలేదు.

ఘాట్ రోడ్డులో

పలమనేరు నుంచి బంగారుపాళ్యం వైపు దిగే మొగిలి ఘాట్, పీలేరు నుంచి తిరుపతి వైపు దిగే భాకరాపేట ఘాట్ బరువు బండ్లకు పరీక్ష పెట్టే చోట్లు. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో లారీ, ఆర్టీసీ బస్సు ఢీకొన్న ప్రమాదం ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. తిరుమల కొండకు 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు దిగడానికీ, 1974లో వచ్చిన రెండవది ఎక్కడానికీ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి అక్కడ ఎదురు బండి భయం లేదు. కొండ దిగే దారిలో నిర్ణీత సమయం కన్నా ముందే కిందికి చేరితే జరిమానా వేసే పద్ధతి కూడా ఉంది. మిగిలిన ఘాట్లలో అలా సమయం చూసేవారు ఎవరూ ఉండరు, కాబట్టి ఆ లెక్క డ్రైవరే వేసుకోవాలి.

ఎక్కడానికి ఏ గేరు అవసరమవుతుందో దిగడానికీ అదే గేరు వాడాలన్నది పాత డ్రైవర్ల మాట, అది ఇప్పటికీ చెల్లుతుంది. ఘాట్ మొదలయ్యే ముందే గేరు తగ్గించుకోవాలి, దిగడం మొదలైన తరువాత తగ్గించబోతే గేరు పడకపోవచ్చు. చిన్న గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, పొగ పోయే దారిని మూసి ఇంజను వేగాన్ని అణచే ఎగ్జాస్టు బ్రేకు ఉంటే ఇంకా మంచిది. కాలి బ్రేకు మీదే ఆధారపడితే డ్రమ్ములు వేడెక్కి లైనింగు పట్టు వదులుతుంది, గాలి బ్రేకులైతే పదేపదే తొక్కడం వల్ల ట్యాంకులో గాలి తగ్గిపోతుంది. కాలిన వాసన వస్తున్నదంటే వెంటనే జాగా చూసి ఆపి, చల్లారనివ్వాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించడం ప్రమాదమే కాక, నేటి ఇంజన్లలో లెక్కకు కూడా నిలవదు. గేరులో ఉండి యాక్సిలరేటరు మీద కాలు తీస్తే ఈ ఇంజన్లు డీజిలు సరఫరాను ఆపేస్తాయి, న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆగిపోకుండా ఉండటానికి డీజిలు తాగుతూనే ఉంటుంది.

రెండు బండ్లకు చాలనంత ఇరుకు చోట ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలని రహదారి నియమం. బరువుతో ఎక్కే బండి ఒకసారి ఆగితే మళ్లీ కదలడం ఎంత కష్టమో తెలిసినవారికి ఆ నియమం వెనుక ఉన్న కారణం విడమరచి చెప్పనక్కరలేదు. ఎక్కే దారిలో ఒక లారీ మరో లారీని దాటబోయి రెండూ పక్కపక్కనే నత్తనడకన సాగుతూ వరుసలన్నీ మూసేయడం మాత్రం ఎదుటివారి ఓపికను పరీక్షించడమే. వేగంలో గంటకు పది కిలోమీటర్ల తేడా అయినా లేనప్పుడు మిట్ట దాటేదాకా వెనుకే ఉండటం మంచిది.

చెడిపోయి ఆగినప్పుడు

బండి ఆగిపోతే ముందుగా నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించాలి. తరువాత మెరిసే ఎర్ర త్రికోణాన్ని మామూలు రోడ్డులో కనీసం 50 మీటర్లు, వేగంగా పోయే రోడ్డులో 100 మీటర్లు వెనుక పెట్టాలి. మలుపు దాటి ఆగితే త్రికోణం మలుపుకు ఇవతలే ఉండాలి, లేకపోతే దాన్ని చూసేసరికి బండి కూడా ఎదుటికి వచ్చేస్తుంది. జాతీయ రహదారి మీద సహాయానికి 1033, పోలీసులకు 112, అంబులెన్సుకు 108. బండిలోని మనుషులు బండి వెనుక గాని, నీడ కోసం బండి కింద గాని కూర్చోకుండా రోడ్డు దిగి దూరంగా ఉండాలి.

త్రికోణానికి బదులు చెట్ల కొమ్మలు విరిచి రోడ్డు మీద పరచడం, చక్రాల కింద రాళ్లు పెట్టడం మన దగ్గర మామూలే. గత్యంతరం లేనప్పుడు అవి పనికొస్తాయి, వాటిని తప్పు పట్టలేం. తప్పు పట్టవలసింది బండి బాగయ్యాక చేసే పనిని. డ్రైవరు ఇంజను స్టార్టు చేస్తాడు, క్లీనరు ఎగిరి ఎక్కుతాడు, తలకాయంత రాళ్లు రెండో మూడో తారు మీదే మిగిలిపోతాయి. రాత్రి తొమ్మిది గంటలకు డ్యూటీ దిగి బైకు మీద ఇంటికి పోయే మనిషికి ఆ రాయి, నల్లటి తారు మీద నల్లగా, చక్రం కిందికి వచ్చేదాకా కనబడదు. చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్క దిమ్మలను తాడుతో జతగా కట్టి క్యాబిన్‌లో ఉంచుకుంటే, వాటిని వదిలి పోవడానికి ఎవరికీ మనసొప్పదు. రాయే పెట్టవలసి వస్తే, బండి కదిలి పది అడుగులు ముందుకు పోయి ఆగాక క్లీనరు దిగి రాళ్లూ కొమ్మలూ తీసి పక్కన పారేసి ఎక్కాలి. ఈ పని చేసిన తరువాతే రెండవ గేరు వేయడమన్నది లారీ యజమానులు డ్రైవర్లకు పెట్టవలసిన నియమం.

తాడు కట్టి లాగేటప్పుడు

చెడిన బండిని మరో బండికి కట్టి లాగడం సహాయంగానే మొదలవుతుంది, సరిగా చేయకపోతే రెండు బండ్లకూ కీడు అవుతుంది. 1989 నాటి రహదారి నియమాలు ఈ విషయంలో చెప్పినవి నేటికీ పాటించదగ్గవే. లాగే బండి వెనుక భాగానికీ, చెడిన బండి ముందు భాగానికీ మధ్య దూరం 5 మీటర్లు మించకూడదు. తాడైనా గొలుసైనా ఇతరులకు స్పష్టంగా కనబడాలి. చెడిన బండి వెనుక తెల్లని పలక మీద 75 మిల్లీమీటర్లకు తగ్గని ఎత్తున్న నల్లని అక్షరాలతో ‘ఆన్ టో’ అని ఇంగ్లీషులో రాసి ఉండాలి. స్టీరింగు దగ్గర ఆ బండి నడపడానికి లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి, లేదా ముందు చక్రాలు క్రేనుతో నేల నుంచి ఎత్తి ఉండాలి. వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదు. తాడుకు నడుమ ఎర్రగుడ్డ కట్టడం ఎవరూ మరవకూడని పని, ఎందుకంటే రెండు బండ్ల మధ్య ఖాళీ చూసి రోడ్డు దాటబోయే మనిషికీ, దూరిపోదామనుకునే బైకుకూ ఆ గుడ్డ ఒక్కటే హెచ్చరిక.

ఏ బండినైనా తాడుతో లాగవచ్చనుకోవడం పొరపాటు. ఇంజను ఆగిపోతే కారుకు పవర్ స్టీరింగు, పవర్ బ్రేకు పనిచేయవు. స్టీరింగు రాయిలా బిగుసుకుంటుంది, బ్రేకు ఎంతో బలంగా తొక్కితే తప్ప పడదు. తాళం చెవి ఆన్‌లో లేకపోతే స్టీరింగుకు తాళం పడిపోతుంది కూడా. ఆటోమేటిక్ గేరు కార్లనూ, ఎలక్ట్రిక్ కార్లనూ ఇంజను గాని మోటారు గాని తిప్పే చక్రాలు నేల మీద ఉండగా లాగితే లోపలి భాగాలు పాడవుతాయి కాబట్టి వాటిని ఎత్తి బండి మీదికి ఎక్కించి తీసుకుపోవాలి. లారీల సంగతి ఇంకా వేరు. గాలి పీడనం పడిపోతే స్ప్రింగు బ్రేకులు వాటంతట అవే పట్టేసుకుంటాయి. మెకానిక్ ఆ స్ప్రింగులను వదులు చేస్తే బండి కదులుతుంది కానీ ఇక దానికి బ్రేకన్నదే ఉండదు. అటువంటి లారీని తాడుతో లాగకూడదు, ఇనుప రాడ్డుతో గాని క్రేనుతో గాని మాత్రమే తీసుకుపోవాలి. గేర్‌బాక్సు నుంచి వెనుక చక్రాలకు పోయే షాఫ్టును ముందే విప్పించాలి, లేకపోతే ఆయిలు అందక గేర్‌బాక్సు దెబ్బతింటుంది. ఘాట్ దిగేటప్పుడు తాడు కట్టి లాగడం ఏ బండి విషయంలోనూ వద్దు. చీకటి పడితే తెల్లవారేదాకా ఆగడమే మంచిది.

బయలుదేరే ముందు ఇద్దరు డ్రైవర్లూ దిగి ఎదురెదురుగా నిలబడి సంకేతాలు మాట్లాడుకోవాలి. చెయ్యి బయటికి చాపితే ఆపుతున్నానని, రెండుసార్లు హారను కొడితే ఏదో తేడా ఉందని, ఇలా రెండు మూడు చాలు. ఫోనులో మాట్లాడుకుంటూ లాగడం కుదరదు. ముందువారు క్లచ్ మెల్లగా వదిలి తాడు బిగిసేదాకా అంగుళం అంగుళంగా కదలాలి, ఒక్క ఊపున లాగితే తాడు తెగుతుంది, తెగిన కొస కొరడాలా వెనక్కి వచ్చి అద్దాన్ని పగలగొట్టగలదు. దారిలో తాడు ఎప్పుడూ సడలకుండా చూడవలసింది వెనుకవారు, అందుకు వారు ముందువారి కన్నా ముందే కాస్త కాస్త బ్రేకు నొక్కుతుండాలి. మలుపులు వెడల్పుగా తిరగాలి, ఎందుకంటే వెనుక బండి మలుపు లోపలి అంచుకు లాగుకుపోతుంది.

దగ్గరలోని మెకానిక్ షెడ్డుకో, పెట్రోలు బంకుకో చేరితే చాలు, అక్కడి నుంచి ఇంటిదాకా లాగాలనుకోవద్దు. తాడు విప్పడం కూడా హైవే అంచున కాకుండా బండి పూర్తిగా ఆవరణలోకి వచ్చాక చేయాలి. తాడు విప్పిన వెంటనే వెనుక పలకనూ తీసేయాలి. బాగుపడి తిరిగి రోడ్డెక్కిన బండికి ఆ పలక అలాగే వేలాడుతుంటే, వెనుక వచ్చేవారు ముందు తాడూ మరో బండీ ఉన్నాయనుకొని లేని పొడవుకు లెక్క వేసుకొని దాటుతారు.